కృష్ణబిలం బొమ్మలో ఆకాశం వాటా ఎంత?

కృష్ణబిలం ఎలా ఉంటుందో మనిషి మొదట చూసింది కాగితం మీద. 1979లో ఫ్రాన్స్‌లోని మ్యూడాన్ అబ్జర్వేటరీకి చెందిన జ్యాఁ-పియెర్ లూమినే, పంచ్ కార్డులతో నడిచే ఐబీఎం 7040 కంప్యూటర్‌తో లెక్కలు కట్టించాడు. ఆ యంత్రం అంకెలు ఇవ్వగలదు కానీ బొమ్మ గీయలేదు. అందుకని ఆయనే కలం పట్టి, వెలుగు ఎక్కువని లెక్క చెప్పిన చోట చుక్కలు దట్టంగా, తక్కువన్న చోట పలచగా పెట్టుకుంటూ వెళ్లాడు. ఆ సిరా చుక్కల కాగితాన్ని నెగటివ్‌గా తిప్పితే నడుమ చీకటి గుండ్రం, దాని చుట్టూ వేడి వాయువుల పళ్లెం, ఆ పళ్లెం వెనక భాగం నెత్తిమీదకు వంగి వచ్చిన దృశ్యం బయటపడ్డాయి. పళ్లెం ఒక పక్క ధగధగలాడుతోంది, రెండో పక్క మసకబారింది. మన వైపు దూసుకొచ్చే వాయువు కాంతి పెరిగి, వెనక్కి పోయే వాయువు కాంతి తగ్గడం వల్ల వచ్చిన తేడా అది.

నలభై ఏళ్ల తర్వాత, 2019 ఏప్రిల్ 10న, ప్రపంచంలోని పలుచోట్ల ఉన్న రేడియో టెలిస్కోపులను కలిపి వాడే ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ బృందం ఎం87 గెలాక్సీ నడిబొడ్డున ఉన్న కృష్ణబిలం చిత్రాన్ని విడుదల చేసింది. నారింజ రంగు ఉంగరం, మధ్యలో చీకటి, దిగువన కాస్త ఎక్కువ వెలుగు. ఆ నారింజ రంగు మాత్రం మనం పూసినదే, రేడియో తరంగాలకు రంగెక్కడిది!

ఇప్పుడు మూడో రకం బొమ్మలు వస్తున్నాయి. లేని మనుషుల ముఖాలను అచ్చం ఉన్నట్టే తయారుచేసే జనరేటివ్ మెషిన్ లెర్నింగ్ నమూనాలే కృష్ణబిలాల బొమ్మలనూ గీస్తున్నాయి. లూమినే ఒక్కొక్క చుక్కా పెట్టిన పనిని అవి కళ్లు మూసి తెరిచేలోగా ముగిస్తాయి. అయితే వీటి చేత చేయిస్తున్న పనులు రెండు, రెండూ వేరు. ఒకటి, సూపర్ కంప్యూటర్ మీద వారాల తరబడి నడిచే భౌతిక లెక్కకు బదులుగా చవకగా, వేగంగా బొమ్మలు సరఫరా చేయడం. రెండోది, టెలిస్కోపులు అరకొరగా పట్టిన సంకేతాల్లోని ఖాళీలు పూరించి ఆకాశపు చిత్రాన్ని నిలబెట్టడం. మొదటి పనిలో యంత్రం పొరబడితే ఒక లెక్క తప్పుతుంది. రెండో పనిలో పొరబడితే లేనిది ఉన్నట్టు లోకం నమ్ముతుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి ‘కృత్రిమ మేధ కృష్ణబిలాన్ని చూపించింది’ అని రాసేయడం వల్లే గందరగోళమంతా.

అరవై వేల బొమ్మల భాండాగారం

ముందు అసలు లెక్క ఎలా సాగుతుందో చూడాలి. కృష్ణబిలం తనంతట తాను వెలగదు. దాని చుట్టూ తిరుగుతూ లోపలికి జారే ప్లాస్మాయే, అంటే ఎలక్ట్రాన్లు విడివడిన వేడి వాయువే వెలుగుతుంది. ఆ ప్లాస్మా సుడులు తిరుగుతుంది, దానితోపాటు అయస్కాంత క్షేత్రం మెలికలు పడుతుంది, చుట్టూ ఉన్న స్థలకాలమే వంగి ఉంటుంది. ఈ మూడింటినీ కలిపి ఐన్‌స్టీన్ సాపేక్షతా సమీకరణాల మేరకు త్రిమితీయంగా నడిపించే సిమ్యులేషన్లను ఈ రంగంలోని వారు జీఆర్‌ఎంహెచ్‌డీ అంటారు. పేరు నోరు తిరగనిదే కానీ పని సూటిగా ఉంటుంది. చుట్టూ ఉన్న స్థలాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలో వాయువు సాంద్రత, వేగం, అయస్కాంత బలం క్షణక్షణానికీ ఎలా మారతాయో లెక్కిస్తూ పోవడం. తర్వాత కాంతి కిరణాలు వంగిన దారుల్లో ప్రయాణించి మన కంటికి ఎలా చేరతాయో ఇంకో లెక్క. రెండూ పూర్తయితే ఒక బొమ్మ వస్తుంది.

కానీ ఒక్క బొమ్మతో ఏమీ తేలదు. కృష్ణబిలం ఎంత వేగంగా తిరుగుతోంది, వాయువు దాని దిశలోనే తిరుగుతోందా లేక ఎదురు దిశలోనా, అయస్కాంత క్షేత్రం బిలాన్ని గట్టిగా చుట్టుకుని ఉందా లేక బలహీనంగా ఉందా, మనం ఏ కోణం నుంచి చూస్తున్నాం అన్నవి ముందుగా తెలియవు. వీటన్నింటికంటే మొండి చిక్కు ఎలక్ట్రాన్ల వేడిది. ఆ ప్లాస్మా ఎంత పలచన అంటే, అందులోని ప్రోటాన్లూ ఎలక్ట్రాన్లూ ఒకదానితో ఒకటి సరిగ్గా ఢీకొననే ఢీకొనవు. కాబట్టి రెండింటి ఉష్ణోగ్రతా ఒకటి కాదు. టెలిస్కోపుకు అందే కాంతినిచ్చేవి ఎలక్ట్రాన్లు. సిమ్యులేషన్ మాత్రం ఎక్కువగా ప్రోటాన్ల వేడినే పట్టించుకుంటుంది. ఈ రెంటి మధ్య నిష్పత్తిని శాస్త్రవేత్తలు చేత్తో అమర్చవలసి వస్తుంది. ఎం87 విశ్లేషణలో ఆ అంకెను 1 నుంచి 160 దాకా ఆరు రకాలుగా మార్చి చూశారు. ప్రపంచంలోని అత్యుత్తమ భౌతిక సిమ్యులేషన్లలోనూ ఇలా చేత్తో తిప్పే మీట ఒకటి ఉందన్న సంగతి తర్వాత అక్కరకొస్తుంది.

ఇలా 2019 నాటికి 43 సిమ్యులేషన్ల నుంచి 60,000కు పైగా బొమ్మలు పోగయ్యాయి. అదొక భాండాగారం. అందులో ఏ బొమ్మ పరిశీలనలకు సరిపోతుందో, ఏది సరిపోదో చూసి, సరిపోనివాటిని పక్కన పెడుతూ పోవడమే పద్ధతి.

అరవై వేలు పెద్ద సంఖ్యలాగే వినిపిస్తుంది. బిలం భ్రమణ వేగానికి వాడినవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగల విలువలే. ఒక విలువకూ తర్వాతి విలువకూ మధ్య ఏమవుతుందో భాండాగారం చెప్పదు. ఒకే సిమ్యులేషన్ నుంచి వరసగా తీసిన బొమ్మలు అన్నదమ్ముల్లాంటివి, ఒకదానికొకటి పూర్తిగా కొత్తవి కావు. మెషిన్ లెర్నింగ్‌కు కావలసినంత దాణా ఇందులో లేదు. జనరేటివ్ నమూనాలు ఇక్కడే అడుగు పెట్టాయి.

తిరగలి వేగం, గింజ పాతదే

2014లో వెలుగు చూసిన ‘గాన్’ పద్ధతిలో రెండు న్యూరల్ నెట్‌వర్క్‌లు, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాములు, ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ఒకటి దొంగ బొమ్మలు గీస్తుంది, రెండోది అవి దొంగవో అసలువో పట్టుకోవాలని చూస్తుంది. పట్టుబడిన ప్రతిసారీ మొదటిది కొంచెం మెరుగుపడుతుంది. పట్టుకునేవాడు చేతులెత్తేసే రోజుకు దొంగ చేయి తిరిగిపోయి ఉంటుంది. 2020 నుంచి దీన్ని చాలాచోట్ల వెనక్కి నెట్టిన డిఫ్యూజన్ పద్ధతి వేరు. అసలు బొమ్మల మీద కొద్దికొద్దిగా ఇసుక చల్లుతూ చివరికి ఏమీ కనబడకుండా చేసి, ఆ ఇసుకను ఒక్కో పొరగా ఎలా తుడవాలో యంత్రానికి నేర్పుతారు. తుడవడం వచ్చాక ఉత్త ఇసుకనే ఇచ్చినా అది తుడుచుకుంటూ వెళ్లి కొత్త బొమ్మను బయటికి తీస్తుంది.

2023 చివర్లో ఒక పరిశోధక బృందం గాన్‌లలో ఒక రకాన్ని జీఆర్‌ఎంహెచ్‌డీ భాండాగారంతో తర్ఫీదు చేసింది. భ్రమణ వేగం ఎంతో, ఎలక్ట్రాన్ల వేడి ఎంతో చెబితే అందుకు తగిన కృష్ణబిలం బొమ్మను ఆ నమూనా గీస్తుంది. భాండాగారంలో లేని భ్రమణ విలువలకు కూడా గీస్తుంది. ఆ కృత్రిమ బొమ్మలను కలుపుకుని ఇంకో నెట్‌వర్క్‌కు శిక్షణ ఇచ్చి, అసలు సిమ్యులేషన్ బొమ్మలు చూపించి బిలం వేగం చెప్పమంటే, మునుపటి కంటే మెరుగ్గా చెప్పింది. తక్కువ ఖర్చుతో భాండాగారాన్ని పెంచుకోవచ్చన్నది ఆ బృందం వాదన.

ఆ వాదనలో నిజం ఉంది, దానికొక గట్టూ ఉంది. రెండు తెలిసిన విలువల మధ్య యంత్రం గీసేది నునుపైన అంచనా. ప్రకృతి అక్కడ అంత నునుపుగా ఉండి తీరాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. అయస్కాంత క్షేత్రం బాగా బిగిసిన ప్రవాహాల్లో ఉన్నట్టుండి క్షేత్రం తెగి, ప్లాస్మా విసురుగా బయటికి చిమ్మే ఘటనలు జరుగుతాయి. అలాంటి అరుదైన క్షణాలు శిక్షణలో తక్కువగా కనిపిస్తాయి కాబట్టి నమూనా వాటిని మరచిపోవడానికే మొగ్గు చూపుతుంది. పైగా ఆ ఎలక్ట్రాన్ల మీట విషయంలో సిమ్యులేషన్ ఏ పొరపాటు చేసి ఉంటుందో, జనరేటివ్ నమూనా దాన్ని తు.చ. తప్పకుండా నేర్చుకుంటుంది. కరెంటు తిరగలి పిండిని వేగంగా విసురుతుంది, కానీ పోసిన గింజలు చోళ్లయితే గోధుమ పిండి రాదు కదా.

అయినా ఈ పనిలో ప్రమాదం తక్కువ. ఇక్కడ తప్పును పట్టుకునే దారి ఉంది. అనుమానం వచ్చిన విలువ దగ్గర అసలు సిమ్యులేషన్ ఒకటి నడిపి, గాన్ గీసిన దానితో పోల్చి చూడవచ్చు. ఖర్చయితే అవుతుంది, జవాబు మాత్రం దొరుకుతుంది. అసలు సంగతి రెండో పనిలో ఉంది. అక్కడ పోల్చి చూసేందుకు సరైన జవాబు ఎవరి దగ్గరా లేదు.

చుక్కలు మనవి, ముగ్గు ఎవరిది?

ఎం87 కృష్ణబిలం సూర్యుడికి 650 కోట్ల రెట్లు బరువు, 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. మనకు కనిపించే దాని ఉంగరం వ్యాసం దాదాపు 42 మైక్రో ఆర్క్‌సెకండ్లు (ఆకాశంలో కోణాన్ని కొలిచే అతి చిన్న ప్రమాణం ఇది). చంద్రుడి మీద ఒక బత్తాయి పెట్టి భూమి నుంచి చూస్తే ఎంత ఉంటుందో సుమారుగా అంత. 1.3 మిల్లీమీటర్ల తరంగాలతో దాన్ని చూడాలంటే భూమి అంత టెలిస్కోపు కావాలి. అది అయ్యే పని కాదు కనుక 2017 ఏప్రిల్‌లో చిలీ, హవాయి, అరిజోనా, మెక్సికో, స్పెయిన్, దక్షిణ ధ్రువాల్లోని ఎనిమిది టెలిస్కోపులను ఒకేసారి ఆకాశం వైపు తిప్పారు. ఎం87 ఉత్తరాకాశంలో ఉండటం వల్ల దక్షిణ ధ్రువపు టెలిస్కోపుకు అది కనబడదు, మిగిలిన ఏడే దాన్ని చూశాయి. అణు గడియారాల సాయంతో నమోదైన పెటాబైట్ల కొద్దీ సమాచారం ఇంటర్నెట్‌లో పంపలేనంత పెద్దది. హార్డ్ డిస్కులను విమానాల్లో ఎక్కించి అమెరికాలోని హేస్టాక్ అబ్జర్వేటరీకీ, జర్మనీలోని బాన్ నగరానికీ చేర్చారు. దక్షిణ ధ్రువం డిస్కులైతే అక్కడి చలికాలం గడిచి విమానాలు తిరిగేదాకా ఆగవలసి వచ్చింది.

ఇంత శ్రమ పడినా చేతికొచ్చింది బొమ్మ కాదు. ఏ రెండు టెలిస్కోపుల జంట అయినా ఆకాశపు చిత్రం గురించి ఒక్కో క్షణాన ఒక్క కొలతే ఇస్తుంది. అది ఫలానా దిశలో, ఫలానా సూక్ష్మత దగ్గర చిత్రంలో ఎంత హెచ్చుతగ్గు ఉందో చెప్పే కొలత. టెలిస్కోపులు కొన్నే కాబట్టి కొలతలూ కొన్నే. ‘అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు’ అంటారు. అది కుండంతా ఒకేలా ఉడికినప్పటి మాట. ఇక్కడ ఒక్కో మెతుకు ఒక్కో తీరుగా ఉంది.

ఇంకా దగ్గరి పోలిక ముగ్గు. వాకిట్లో చుక్కలు పెట్టి వదిలేస్తే, ఆ చుక్కల మీదుగా ఎన్ని ముగ్గులైనా వేయవచ్చు. పద్మం వేయడం అలవాటైన చేయి పద్మమే వేస్తుంది, రథం ముగ్గు అలవాటైన చేయి రథమే వేస్తుంది. చుక్కలు రెంటికీ సరిపోతాయి. (పోలికను ఇంతకంటే లాగకూడదు. టెలిస్కోపు కొలతలు చిత్రంలోని బిందువులు కావు, చిత్రంలోని అలలు.) కొలతలకు సరిపోయే చిత్రాలు లెక్కలేనన్ని ఉన్నప్పుడు వాటిలో దేన్ని ఎంచుకోవాలో చెప్పే నియమం బయటి నుంచే రావాలి. ఖగోళ శాస్త్రవేత్తలు దాన్ని ముందస్తు ఊహ అంటారు.

ఇది కృత్రిమ మేధతో వచ్చిన తలనొప్పి కాదు. 1974లో యాన్ హేగ్‌బోమ్ ప్రతిపాదించిన ‘క్లీన్’ పద్ధతి ఆకాశాన్ని కొన్ని వెలుగు చుక్కల పోగుగా ఊహించుకుంటుంది. 1980ల్లో ప్రాచుర్యం పొందిన గరిష్ఠ ఎంట్రోపీ పద్ధతి, కొలతలు బలవంతం చేస్తే తప్ప చిత్రంలో ఏ హంగూ చేర్చకూడదంటుంది. ఆ పద్ధతి ఎందుకు పనిచేస్తుంది, ఎక్కడ మోసం చేస్తుంది అన్న దాని మీద భారతీయ శాస్త్రవేత్తలు రమేశ్ నారాయణ్, రాజారాం నిత్యానంద 1986లో రాసిన సమీక్షను రేడియో ఖగోళ శాస్త్రంలో ఇప్పటికీ తిరగేస్తుంటారు. అదే నారాయణ్ తర్వాత హార్వర్డ్‌లో కృష్ణబిలాల చుట్టూ ఉండే పలచని వేడి ప్రవాహాల సిద్ధాంతానికి పెద్ద దిక్కయ్యారు, ఈవెంట్ హొరైజన్ బృందంలోనూ పనిచేశారు. ఒకే మనిషి ఇటు ఊహ గురించీ అటు వాయువు గురించీ రాయడం కాకతాళీయమే కావచ్చు, కానీ ఈ కథకు రెండు కొసలూ అవే.

2018లో బొమ్మ తయారుచేసేటప్పుడు ఈ ముందస్తు ఊహ గురించి బృందం పడిన జాగ్రత్త చెప్పుకోదగినది. నాలుగు జట్లుగా విడిపోయి, ఒకరి ఫలితం ఇంకొకరికి తెలియకుండా వారాల తరబడి పనిచేశారు. రెండు జట్లు పాత క్లీన్ పద్ధతి, రెండు జట్లు కొత్త పద్ధతులు వాడాయి. తర్వాత కంప్యూటర్ పద్ధతులను సానపట్టేటప్పుడు ఉంగరం బొమ్మలతో మాత్రమే పరీక్షించలేదు. నడుమ చీకటి లేని నిండు పళ్లెం బొమ్మలను, రెండు వేర్వేరు వెలుగు ముద్దల బొమ్మలను కూడా కృత్రిమంగా తయారుచేసి, వాటి కొలతలను అవే పద్ధతులకు ఇచ్చారు. నిండు పళ్లెం ఇస్తే నిండు పళ్లెమే తిరిగి రావాలి. అక్కడ కూడా చిల్లు పెట్టే పద్ధతి ఏదైనా ఉంటే దాన్ని ఎం87 దరిదాపుల్లోకి రానివ్వలేదు. చూడాలనుకున్నదాన్ని చూడకుండా కళ్లకు గంతలు కట్టుకోవడం లాంటి పని ఇది.

ఇంత చేసినా అనుమానించినవారు లేకపోలేదు. జపాన్‌కు చెందిన మకోతో మియోషి, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు అదే సమాచారాన్ని తమ పద్ధతిలో మళ్లీ విశ్లేషించి, ఉంగరం రాలేదనీ, అది టెలిస్కోపుల అమరిక వల్ల పుట్టిన భ్రమ కావచ్చనీ 2022లో రాశారు. ఈవెంట్ హొరైజన్ బృందం దాన్ని అంగీకరించలేదు, ఆ విశ్లేషణలో లోపాలున్నాయని బదులిచ్చింది. ఇతర బృందాల స్వతంత్ర విశ్లేషణల్లో ఉంగరమే వచ్చింది కాబట్టి తూకం అటే మొగ్గింది. కానీ ఆ ప్రశ్న అడగదగినదే.

ఉంగరం సన్నబడింది, ఎవరి పుణ్యమా అని?

2023 ఏప్రిల్‌లో లియా మెదీరోస్, డిమిట్రియోస్ సాల్టిస్, టాడ్ లావర్, ఫెర్యాల్ ఓజెల్ ‘ప్రైమో’ అనే పద్ధతితో ఎం87 చిత్రాన్ని మళ్లీ తయారుచేశారు. 30,000కు పైగా సిమ్యులేషన్ బొమ్మల్లో ఏయే ఆకృతులు తరచుగా వస్తాయో యంత్రం నేర్చుకుంది. కొలతలు లేని చోట ఆ ఆకృతులతో ఖాళీ పూరించింది. ఖచ్చితంగా మాట్లాడితే ఇది గాన్, డిఫ్యూజన్ల కోవలోది కాదు, బొమ్మలను కొన్ని మూల ఆకృతుల కలయికగా రాసే పాత గణితమే. అయినా సిమ్యులేషన్ల నుంచి నేర్చుకుని ఆకాశాన్ని పూరించడమన్న ఆలోచన రెండింటిలోనూ ఒకటే. ఫలితంగా ఉంగరం వెడల్పు దాదాపు సగానికి తగ్గింది, నడుమ చీకటి విశాలమైంది.

పత్రికలు దీన్ని ‘మసక ఫోటోకు మెరుగులు’ అని రాశాయి. మాట వినసొంపుగా ఉంది కానీ తప్పు దారి పట్టిస్తుంది. ఆ టెలిస్కోపుల జాలానికి ఉన్న చూపు సూక్ష్మత 20 నుంచి 25 మైక్రో ఆర్క్‌సెకండ్లు. 42 ఉన్న ఉంగరపు వ్యాసాన్ని అది నిలకడగా కొలవగలదు. ఉంగరం మందం మాత్రం ఆ సూక్ష్మత కంటే చిన్నదని చెప్పగలదే గానీ, ఎంత చిన్నదో ఒంటరిగా తేల్చడం దాని శక్తికి మించిన పని. కొత్త సన్నదనంలో కొంత కొలతలది, కొంత భాండాగారానిది. ‘ఎం87 చుట్టూ ఉన్నది మన సిమ్యులేషన్లలాంటిదే అయితే ఉంగరం ఇంత సన్నగా ఉంటుంది’ అని చదివితే ఆ పరిశోధన చాలా విలువైనది. ‘అయితే’ అన్న పదాన్ని మింగేస్తే అది వేరే వార్త అవుతుంది. పరిశోధకులు ఆ పదాన్ని మింగలేదు. శీర్షికలు మింగాయి.

జనరేటివ్ నమూనాల అసలు ప్రయోజనం ఈ ‘అయితే’ను పైకి తీసుకురావడంలో ఉందని చూపిన పని 2024లో వచ్చింది. కాల్టెక్‌కు చెందిన బెర్తీ ఫెంగ్, కేటీ బౌమన్, ఎంఐటీకి చెందిన విలియం ఫ్రీమన్ ఒక తమాషా ప్రయోగం చేశారు. ఒక డిఫ్యూజన్ నమూనాకు జీఆర్‌ఎంహెచ్‌డీ బొమ్మలు నేర్పారు. ఇంకొకదానికి పలచని వాయు ప్రవాహాల సరళ నమూనా బొమ్మలు నేర్పారు. మరొకదానికి కార్లు, పిల్లులు, ఓడలు, గుర్రాలున్న మామూలు చిన్న ఫోటోలు చూపించారు. ఇంకొకదానికి ప్రసిద్ధుల ముఖాలు. తర్వాత ఎం87 అసలు కొలతలను అన్నింటికీ ఇచ్చి, వీటికి సరిపోయే చిత్రాలు తీయమన్నారు.

జీవితంలో కృష్ణబిలమన్నది ఎరగని, ముఖాలు తప్ప వేరే లోకం తెలియని యంత్రానికి ఎం87 సంకేతాలు అందితే ఏం జరుగుతుంది? ఉంగరమే వచ్చింది. ఊహలు ఎంత మారినా ఆ వ్యాసం, నడుమ చీకటి, దిగువన ఎక్కువ వెలుగు నిలబడ్డాయి. మారినవి మిగతావి. సిమ్యులేషన్లు నేర్చిన యంత్రం సన్నని, పదునైన ఉంగరాన్నీ దాని చుట్టూ నాజూకైన పోగులనూ గీసింది. మామూలు ఫోటోలు నేర్చిన యంత్రం మొద్దుగా, మసకగా గీసింది. ముఖాలు నేర్చినది తన పాత అలవాటు జాడలను అక్కడక్కడా వదిలింది. ఊహ మార్చినా చెక్కుచెదరనిది ఆకాశం ఇచ్చినది. ఊహతో పాటు మారినది మనం పెట్టినది. ఏది ఎవరిదో ఇంత స్పష్టంగా పాలూ నీళ్లూ విడదీసినట్టు చూపించడం పాత పద్ధతులతో కుదిరేది కాదు. క్లీన్ పద్ధతి ముందస్తు ఊహ దాని లెక్క అడుగున దాగి ఉంటుంది, బయటికి తీసి ఇంకొకటి పెట్టడం కష్టం. డిఫ్యూజన్ నమూనాలో ఊహ అంటే శిక్షణ బొమ్మలే. కావాలంటే మార్చుకోవచ్చు, ఎదుటివాడికి చూపించవచ్చు.

రెండో లాభం, ఈ నమూనాలు ఒక్క చిత్రంతో ఆగవు. కొలతలకు సరిపోయే వేల చిత్రాలను తీసి ఎదుట పెడతాయి. హే సన్, బౌమన్ 2020లో ఇలాంటి పనే న్యూరల్ నెట్‌వర్క్‌తో చేసి చూపారు. వెయ్యి చిత్రాల్లోనూ ఒకే చోట వెలుగు ఉంటే నమ్మవచ్చు. కొన్నింటిలో ఉండి కొన్నింటిలో లేకపోతే, ఆ చోటు గురించి టెలిస్కోపు నోరు మెదపలేదన్నమాట. వార్తాపత్రికకు వెయ్యి బొమ్మలు పనికిరావు, ఒక్కటే కావాలి. ఆ ఒక్కటి ఎంచుకునే క్షణంలోనే అనిశ్చితి చెత్తబుట్టలోకి వెళ్లిపోతుంది.

మన పాలపుంత నడుమ ఉన్న కృష్ణబిలం సజిటేరియస్ ఏ-స్టార్ విషయంలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. 2022 మే 12న విడుదలైన దాని చిత్రం వేల చిత్రాల సగటు. ఆ బిలం సూర్యుడికి 40 లక్షల రెట్లు బరువు, ఎం87తో పోలిస్తే పిపీలికం. అందుకే దాని చుట్టూ వాయువు నిమిషాల్లోనే తిరిగేస్తుంది. ఎం87లో రోజులూ వారాలూ పడుతుంది. రాత్రంతా కొలతలు తీస్తుండగానే బొమ్మ మారిపోతుంటే ఏం చేయాలి? తీసిన వేల చిత్రాలను నాలుగు గుంపులుగా విడదీశారు. మూడు గుంపుల్లో ఉంగరం ఉంది, కానీ వెలుగు ముద్దలు వేర్వేరు చోట్ల ఉన్నాయి. నాలుగో చిన్న గుంపులో ఉంగరమే సరిగా లేదు. ఆ సంగతిని బృందం దాచలేదు, విడుదల చేసిన చిత్రం కిందే నాలుగు గుంపులనూ వాటి వాటాలతో సహా పెట్టింది. అయినా జనానికి గుర్తున్నది పైనున్న సగటు బొమ్మ, అందులోని మూడు వెలుగు ముద్దలే.

2025 జూన్‌లో నెదర్లాండ్స్‌కు చెందిన మైకేల్ యాన్సెన్ బృందం ఇంకో దారి తొక్కింది. బొమ్మ గీయడం మానేసి, లక్షల కొద్దీ కృత్రిమ పరిశీలనలతో తర్ఫీదైన న్యూరల్ నెట్‌వర్క్‌కు అసలు కొలతలు ఇచ్చి, కృష్ణబిలం లక్షణాలను నేరుగా అడిగింది. సజిటేరియస్ ఏ-స్టార్ దాదాపు గరిష్ఠ వేగంతో తిరుగుతోందనీ, దాని అక్షం ఇంచుమించు భూమి వైపే ఉందనీ జవాబు వచ్చింది. బొమ్మ అన్న మధ్యవర్తిని తప్పించడం తెలివైన ఎత్తే. కానీ జవాబు పూర్తిగా ఆ కృత్రిమ పరిశీలనల మీదే ఆధారపడుతుంది. పాలపుంత నడుమ బిలాన్ని కనుగొన్నందుకు 2020లో నోబెల్ పంచుకున్న రైన్‌హార్డ్ గెంజెల్ ఈ పని మీద ఆసక్తి చూపుతూనే, కృత్రిమ మేధ సర్వరోగ నివారిణి కాదని హెచ్చరించారు. ఎలక్ట్రాన్ల వేడి మీట గుర్తుందిగా? ఆ మీట ఉన్నచోట నెట్‌వర్క్ ఎంత పెద్దదైనా మీట స్థానాన్ని దాటి చూడలేదు.

మున్ముందు ఒరిపిడి ఎక్కువయ్యే చోటు ఫోటాన్ ఉంగరం. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం బిలం చుట్టూ అరచుట్టు, పూర్తి చుట్టు తిరిగి వచ్చిన కాంతి, పెద్ద ఉంగరం లోపల మరీ సన్నని ఉంగరాలుగా పేరుకుంటుంది. ఇప్పటి టెలిస్కోపుల జాలానికి అది అందదు. జీఆర్‌ఎంహెచ్‌డీ బొమ్మల్లో మాత్రం కొట్టొచ్చినట్టు ఉంటుంది, కాబట్టి వాటిని నేర్చిన ఏ జనరేటివ్ నమూనా అయినా కొలతల్లో లేకపోయినా దాన్ని చక్కగా గీసి ఇస్తుంది. ఆ గీత అందంగా ఉంటుంది, బహుశా నిజం కూడా కావచ్చు. కానీ ఆ గీతను చూపించి ఐన్‌స్టీన్ సిద్ధాంతం రుజువైందని అంటే, ఐన్‌స్టీన్ సిద్ధాంతంతో వేసిన బొమ్మల్లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం కనబడిందని అన్నట్టే.

కొత్త సమాచారం ఎలా వస్తుందో 2018 పరిశీలనలు చూపాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లో టెలిస్కోపుల జాలంలో గ్రీన్‌లాండ్‌లో నిలబెట్టిన కొత్త టెలిస్కోపు ఒకటి చేరింది. ఉత్తరాన కొత్త జంటలు ఏర్పడ్డాయి, అంతకు ముందు కొలతలే లేని దిశల్లో కొలతలు వచ్చాయి. ఆ ఫలితాలు 2024 జనవరిలో ప్రచురితమయ్యాయి. ఉంగరం వ్యాసం ఏడాది కిందటి దానితో సరిపోయింది. ఉంగరంలో అత్యంత ప్రకాశవంతమైన చోటు మాత్రం 30 డిగ్రీల మేర పక్కకు జరిగింది.